క్యామ్‌షాఫ్ట్ మారిస్తే పాత లారీకి పుల్లింగ్ వస్తుందా? మొగిలి ఘాట్ లెక్క

జూన్, జూలై నెలల్లో చిత్తూరు చుట్టూ ఏ రోడ్డు చూసినా తోతాపురి మామిడికాయల లారీలే. తోటల నుంచి దామలచెరువు మండీలకు, గుజ్జు ఫ్యాక్టరీలకు తిరిగే ఆ బండ్లలో పాతవి తక్కువేం కాదు. బంగారుపాళెం దాటి మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు వాటి సత్తా తెలిసిపోతుంది. ఫుల్ లోడుతో రెండో గేరులో మూలుగుతూ పోయే బండిని చూసి పక్కనున్నవాళ్లు ఇచ్చే సలహాల్లో ఇప్పుడు కొత్తగా ఒకటి చేరింది: "క్యామ్‌షాఫ్ట్ మార్పించు, పుల్లింగ్ వస్తాది." తిరుపతిలో పాత పెట్రోల్ జీపులు బాగుచేయించుకుంటున్న కుర్రాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు.

ఈ మాట మనదాకా వచ్చింది ఎక్కువగా అమెరికా వీడియోల వల్ల. అక్కడ నలభై, యాభై ఏళ్ల నాటి ఫోర్డ్, షెవర్లే ట్రక్కులకు క్యామ్ (క్యామ్‌షాఫ్ట్, ఇంజన్ వాల్వుల్ని తెరిచి మూసే కడ్డీ) మార్చి కింది ఆర్‌పీఎంలో, అంటే ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు తక్కువున్నప్పుడు, టార్క్ పెంచుకోవడం మామూలు పని. కేటలాగు తెరిస్తే ఒకే ఇంజన్‌కు పదుల రకాల క్యామ్‌లు దొరుకుతాయి. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. కానీ ఆ ఇంజన్లు పెట్రోల్‌వి, మన లారీలు డీజిల్‌వి. పెట్రోల్ ఇంజన్లలోనైనా క్యామ్ మార్పు లాభం చేసేది ఎప్పుడు, ఉన్న పుల్లింగ్ కూడా పోగొట్టేది ఎప్పుడు అన్నది ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది. సిలిండరులోకి గాలి వచ్చే ఇన్‌టేక్ వాల్వు ఎప్పుడు మూసుకుంటుంది? కేటలాగులో ఉండే మిగతా అంకెలన్నీ ఈ ప్రశ్న తర్వాతే.

పుల్లింగ్ అంటే టార్కా, పవరా?

టార్క్ అంటే క్రాంక్‌షాఫ్ట్‌ను, అంటే పిస్టన్ల కదలికతో తిరిగే ఇంజన్ ప్రధాన కడ్డీని, తిప్పే బలం. దాన్ని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. పవర్ అంటే ఆ బలాన్ని ఎంత వేగంగా వాడుతున్నామన్నది. రెండింటికీ సంబంధం సూటిగా ఉంటుంది: టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి.

ఒకే సైజు ఇంజన్లు రెండు ఉన్నాయనుకుందాం. మొదటిది 1,400 ఆర్‌పీఎం దగ్గర 380 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, 2,800కు వెళ్లేసరికి 300కు పడిపోతుంది. రెండోది 1,400 దగ్గర 300 మాత్రమే ఇచ్చి, 2,800 దగ్గర 360 ఇస్తుంది. పై ఆర్‌పీఎంలో లెక్కేస్తే మొదటిదానికి 88 కిలోవాట్లు, రెండోదానికి దాదాపు 106. అమ్మేవాడు చూపించే అంకె ఇదే కాబట్టి రెండోదే గొప్పగా కనిపిస్తుంది. అదే 1,400 దగ్గర మొదటిది 56 కిలోవాట్లు ఇస్తుంటే, రెండోది 44 దగ్గరే ఆగిపోతుంది. లోడుతో మలుపు తిరిగి, ఆర్‌పీఎం పడిపోయిన చోట డ్రైవరు కాలికింద ఉండేది ఈ రెండో లెక్క.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, అదీ తేలిగ్గా తీసేయాల్సింది కాదు. "గేరు తగ్గించి ఇంజన్‌ను పై ఆర్‌పీఎంలో ఉంచితే చక్రం దగ్గర బలం ఎలాగూ పెరుగుతుంది, కింది టార్క్ కోసం పాకులాట ఎందుకు?" అంటారు. సూత్రంగా నూటికి నూరుపాళ్లు నిజం. పది పన్నెండు గేర్లున్న బండిలో ఆచరణలోనూ నిజమే. పాత లారీలో గేర్లు ఐదు, వాటి మధ్య ఎడం ఎక్కువ. రెండో గేరు నిష్పత్తి 4.0, మూడోది 2.4 అనుకుంటే, 2,600 దగ్గర గేరు మార్చగానే ఇంజన్ 1,560కి పడిపోతుంది. అక్కడ పట్టు లేకపోతే మళ్లీ రెండుకే రావాలి. ఘాట్ పొడవునా రెండుకూ మూడుకూ మధ్య ఊగిసలాడే బండి ఇబ్బంది ఇదే. అందుకే లోడు బండికి ఏ అంకె దగ్గర శిఖరం ఉందన్నదానికన్నా 1,200 నుంచి 2,200 దాకా టార్క్ ఎంత నిండుగా ఉందన్నదే ముఖ్యం.

పొడుగు స్ట్రోక్ (పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం) ఉంటేనే టార్క్ అన్న నమ్మకం షెడ్డుల్లో బలంగా ఉంది. కింది ఆర్‌పీఎం టార్క్‌కు అమెరికాలో పేరు మోసిన ఫోర్డ్ 300 ఆరు సిలిండర్ల ఇంజన్‌ను చూడండి. 1965 నుంచి 1996 దాకా వచ్చిన ఈ 4.9 లీటర్ల ఇంజన్‌కు బోర్ (సిలిండరు వెడల్పు) 4.00 అంగుళాలు, స్ట్రోక్ 3.98. అంటే రెండూ దాదాపు సమానం. టార్క్ మొదట ఇంజన్ సైజును బట్టి, ఆ తర్వాత ప్రతి స్ట్రోక్‌లో ఎంత గాలి లోపల చిక్కిందన్నదాన్ని బట్టి వస్తుంది. సైజు మార్చలేం. చిక్కే గాలిని మాత్రం క్యామ్ మారుస్తుంది.

క్యామ్ చేసే పని, దాని అంకెలు

క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌కు సగం వేగంతో తిరిగే కడ్డీ. దాని మీద గుడ్డు ఆకారంలో ఉండే మిట్టల్ని లోబ్‌లు అంటారు. లోబ్ ట్యాపెట్‌ను లేపితే, ట్యాపెట్ పుష్‌రాడ్‌ను, పుష్‌రాడ్ రాకర్‌ను, రాకర్ వాల్వును కదిలిస్తాయి. వాల్వు సీటు నుంచి ఎంత ఎత్తు లేస్తుందో అది లిఫ్ట్. క్రాంక్ తిరిగే డిగ్రీల్లో ఎంతసేపు తెరిచి ఉంటుందో అది డ్యూరేషన్. కాలిన పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వు ఇంకా మూసుకోకముందే ఇన్‌టేక్ తెరుచుకుని, రెండూ కలిసి తెరిచి ఉండే కాలం ఓవర్‌ల్యాప్. ఇన్‌టేక్ లోబ్ కొనకూ ఎగ్జాస్ట్ లోబ్ కొనకూ మధ్య ఉండే కోణం లోబ్ సెపరేషన్. దీన్ని మాత్రం క్యామ్ డిగ్రీల్లో చెబుతారు.

వాల్వులు పిస్టన్ పైకో కిందికో చేరిన క్షణాన సరిగ్గా తెరుచుకుని మూసుకోవు. పిస్టన్ అట్టడుగుకు, అంటే బీడీసీకి చేరి తిరిగి పైకి లేస్తున్నప్పుడు కూడా ఇన్‌టేక్ వాల్వు కొంతసేపు తెరిచే ఉంటుంది. కారణం గాలికి ఉండే ఊపు. ఇంజన్ 3,500 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి తెచ్చే గొట్టంలో) గాలి వేగం మీద ఉంటుంది, పిస్టన్ ఎదురొస్తున్నా ఇంకా లోపలికి దూసుకొస్తూనే ఉంటుంది. వాల్వు ఆలస్యంగా మూస్తే లాభం. 1,200 ఆర్‌పీఎంలో ఆ ఊపు ఉండదు. పైకి లేచే పిస్టన్ అప్పుడే పీల్చుకున్న గాలిని తెరిచిన వాల్వులోంచి తిరిగి మానిఫోల్డ్‌లోకే నెట్టేస్తుంది.

కింది టార్క్, పై పవర్ ఒకే క్యామ్‌తో ఎందుకు కుదరవో దీంతో తెలుస్తుంది. మూసే క్షణం ఒక్కటే. అది ఏదో ఒక ఆర్‌పీఎంకే సరిపోతుంది. వాల్వు సమయాన్ని నడుస్తూనే మార్చుకునే ఏర్పాటు ఇప్పటి కార్లలో ఉంది, పాత ఇంజన్లలో లేదు.

మూసే క్షణం పది డిగ్రీలు జరిగితే ఎంత పోతుంది?

స్ట్రోక్ 100 మిల్లీమీటర్లు, కనెక్టింగ్ రాడ్ 160 మిల్లీమీటర్లు ఉన్న ఇంజన్‌ను తీసుకుందాం. కంప్రెషన్ నిష్పత్తి 8:1, అంటే పిస్టన్ పైకి చేరేసరికి సిలిండరులో చోటు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. ఇన్‌టేక్ వాల్వు పూర్తిగా మూసుకునే సమయానికి పిస్టన్ పైకి ఎక్కడానికి ఇంకా ఎంత దూరం మిగిలిందో లెక్కగడితే, గాలిని నిజంగా నొక్కే స్ట్రోక్ ఎంతో తెలుస్తుంది.

బీడీసీ తర్వాత 40 డిగ్రీల దగ్గర మూస్తే మిగిలేది 91.6 మిల్లీమీటర్లు. 50 దగ్గర మూస్తే 86.8. 60 దగ్గర 81. 70 దగ్గర 74.2. మొదటి పది డిగ్రీల ఆలస్యానికి ఐదు మిల్లీమీటర్లు పోతే, చివరి పదికి ఏడు పోతున్నాయి. ఆలస్యం పెరిగే కొద్దీ నష్టం మరీ ఎక్కువవుతుందన్నమాట.

ఇదే లెక్కను కంప్రెషన్‌లోకి మారిస్తే, పేరుకు 8:1 అయిన ఇంజన్ 40 డిగ్రీల మూతతో 7.4:1గా, 50తో 7.1గా, 60తో 6.7గా, 70తో 6.2గా పనిచేస్తుంది. దీన్ని డైనమిక్ కంప్రెషన్ అంటారు. గాలి తగ్గింది, ఉన్న గాలినీ తక్కువ నొక్కుతున్నాం. రెండు వైపులా దెబ్బ. రేసు క్యామ్ వేయించుకున్న పాత జీపు కాళహస్తి రోడ్డు మీద బాగానే ఉరుకుతుంది, ఘాట్ దగ్గరికి వచ్చేసరికి మొరాయిస్తుంది. దాని వెనకున్న లెక్క ఇంతే.

ఇదే అంకెల్లో ఇంకో సంగతీ ఉంది. 70 డిగ్రీల క్యామ్ పెట్టుకుని కూడా 7.4 డైనమిక్ కంప్రెషన్ కావాలంటే మామూలు కంప్రెషన్ సుమారు 9.6:1 ఉండాలి. అమెరికా వీడియోల్లో పెద్ద క్యామ్ (డ్యూరేషన్ ఎక్కువున్నది) వేసినవాళ్లు హెడ్డు (సిలిండర్ల పైన బిగించే భాగం), పిస్టన్లు కూడా మార్చి ఉంటారు. ఆ ముక్క వీడియోలో అర నిమిషం కూడా ఉండదు. క్యామ్ ఒక్కటే తెచ్చి పాత ఇంజన్‌లో పెడితే వాళ్లకు వచ్చిన ఫలితం మనకు రాదు.

అసలు తక్కువ కంప్రెషన్ ఉన్న పాత పెట్రోల్ ఇంజన్‌కు క్యామ్ కన్నా ముందు హెడ్డు వైపు చూడాలన్నది నా అభిప్రాయం. ఇప్పుడు బంకులో దొరికే పెట్రోల్‌కు ఆక్టేన్ (నొక్కుడుకు తనంతట తాను అంటుకోకుండా తట్టుకునే గుణం) కనీసం 91 ఉంటుంది. ఆ ఇంజన్లు తయారైన కాలపు పెట్రోల్ అంతకన్నా చాలా తక్కువ రకం, ఆ భయంతోనే కంప్రెషన్ తగ్గించి కట్టారు. హెడ్డు కాస్త మిల్లింగ్ చేయించి కంప్రెషన్ పెంచితే కింది ఆర్‌పీఎం నుంచి పై దాకా అంతటా టార్క్ పెరుగుతుంది. క్యామ్ ఆ పని చేయలేదు. ఒకచోట తీసి ఇంకోచోట పెట్టడమే దానికి చేతనవును.

విల్లీస్ ఇంజన్ కార్డు చదివితే

మన దగ్గర తేలిగ్గా కనబడే పాత పెట్రోల్ ఇంజన్ జీపుదే. మహీంద్రా 1947లో విల్లీస్ జీపుల కూర్పు మొదలుపెట్టింది. ఆ తర్వాత చాలా ఏళ్లు నడిచిన 2.2 లీటర్ల హరికేన్ ఇంజన్‌లో ఇన్‌టేక్ వాల్వులు హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో ఉంటాయి. పవర్ 4,000 ఆర్‌పీఎం దగ్గర 75 హార్స్‌పవర్. టార్క్ శిఖరం మాత్రం 2,000 దగ్గరే, సుమారు 155 న్యూటన్ మీటర్లు.

దాని వాల్వు సమయాలు ఇవి: ఇన్‌టేక్ టీడీసీకి, అంటే పిస్టన్ అన్నిటికన్నా పైకి చేరే చోటుకు, 9 డిగ్రీల ముందు తెరుచుకుంటుంది, బీడీసీ తర్వాత 50 దగ్గర మూసుకుంటుంది. ఎగ్జాస్ట్ బీడీసీకి 47 ముందు తెరుచుకుని, టీడీసీ తర్వాత 12 దగ్గర మూసుకుంటుంది. తొమ్మిది, నూట ఎనభై, యాభై కలిపితే డ్యూరేషన్ 239 డిగ్రీలు. ఎగ్జాస్ట్‌ది కూడా అంతే. ఓవర్‌ల్యాప్ తొమ్మిదీ పన్నెండూ కలిసి 21.

ఇన్‌టేక్ లోబ్ కొన ఎక్కడుందో ఈ అంకెల్లోనే ఉంది. 239లో సగం 119.5, అందులోంచి 9 తీసేస్తే టీడీసీ తర్వాత 110.5 డిగ్రీలు. ఎగ్జాస్ట్‌కు 119.5లోంచి 12 తీస్తే టీడీసీకి ముందు 107.5. రెండింటి సగటు 109, అదే లోబ్ సెపరేషన్. తక్కువ డ్యూరేషన్, తక్కువ ఓవర్‌ల్యాప్, 50 దగ్గర మూత. ఇప్పుడు లో-ఎండ్ టార్క్ క్యామ్ పేరుతో అమ్మే సరుకు లక్షణాలు చాలావరకు ఈ పాత క్యామ్‌లో ముందే ఉన్నాయి. అరగని ఒరిజినల్ క్యామ్ ఉన్న జీపుకు కింది టార్క్ కోసం కొత్త క్యామ్ వెతకడంలో పెద్ద ప్రయోజనం కనబడదు.

అమెరికాలో లాభం కనబడిన చోట్లు వేరు. ఎవరో ఎప్పుడో పెద్ద క్యామ్ వేసి వదిలేసిన షెవర్లే 350 ఇంజన్లు, లేదంటే కార్ల నుంచి తెచ్చి ట్రక్కులో కూర్చోబెట్టినవి. వాటికి చిన్న క్యామ్ వేస్తే కింది టార్క్ తిరిగొస్తుంది.

కేటలాగు అంకెలు ఒకదానితో ఒకటి ఎందుకు పోలవు?

ఒకే క్యామ్‌కు ఒకచోట 260 అని, ఇంకోచోట 205 అని డ్యూరేషన్ రాసి ఉంటుంది. రెండూ నిజమే. మొదటిది వాల్వు సీటు నుంచి కదలడం మొదలైనప్పటి నుంచి కొలిచింది, దీన్ని అడ్వర్టైజ్డ్ డ్యూరేషన్ అంటారు. రెండోది ట్యాపెట్ 0.050 అంగుళం, అంటే 1.27 మిల్లీమీటర్లు లేచాక మొదలుపెట్టి కొలిచింది. అడ్వర్టైజ్డ్ కొలతను ఒక కంపెనీ 0.004 అంగుళం దగ్గర, ఇంకో కంపెనీ 0.006 దగ్గర మొదలుపెడుతుంది కాబట్టి ఆ అంకెలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చడం కుదరదు. 0.050 కొలతకు ఈ చిక్కు లేదు. పాత షెవర్లే 350 వంటి 5.7 లీటర్ల ట్రక్కు ఇంజన్‌కు కింది టార్క్ కావాలంటే ఆ కొలతలో 200 నుంచి 215 మధ్య ఉన్న క్యామ్‌లు తీసుకుంటారు.

పైన మనం వేసిన మిల్లీమీటర్ల లెక్క సీటు దగ్గర మూసుకునే క్షణానికి వేసింది. 0.050 దగ్గరి అంకె తెచ్చి అందులో పెడితే కంప్రెషన్ ఉన్నదానికన్నా చాలా ఎక్కువ కనబడి మోసం చేస్తుంది.

లిఫ్ట్ విషయంలో ఇంత చిక్కు లేదు. లోబ్ ఎత్తును రాకర్ నిష్పత్తితో గుణించాలి. లోబ్ 0.280 అంగుళం, రాకర్ 1.5 అయితే వాల్వు 0.420 అంగుళం లేస్తుంది. డ్యూరేషన్ పెంచకుండా లిఫ్ట్ కొంచెం పెంచితే కింది టార్క్‌కు చెరుపు లేదు, కాస్త మేలే. కాకపోతే లోబ్ నిటారుగా లేవాలి, స్ప్రింగు గట్టిదవ్వాలి, అరుగుదల పెరగాలి. పదేళ్లు తిరగాల్సిన లోడు బండికి నేను దాని జోలికి పోను.

లోబ్ సెపరేషన్: ఇద్దరి వాదనలోనూ నిజం ఉంది

టార్క్ కోసం లోబ్ సెపరేషన్ తక్కువ ఉండాలని ఒక వర్గం అంటుంది, ఎక్కువ ఉండాలని ఇంకో వర్గం. ఇద్దరూ అనుభవంతోనే మాట్లాడతారు. 250 డిగ్రీల డ్యూరేషన్ ఉన్న క్యామ్‌తో లెక్కేసి చూద్దాం. క్యామ్‌ను నాలుగు డిగ్రీలు ముందుకు జరిపి బిగించారనుకుందాం, చాలా ట్రక్కు క్యామ్‌లు అలాగే వస్తాయి.

సెపరేషన్ 112 అయితే ఇన్‌టేక్ కొన 108 దగ్గర ఉంటుంది. దానికి డ్యూరేషన్‌లో సగం 125 కలిపితే 233, అంటే బీడీసీ తర్వాత 53 దగ్గర మూత. ఓవర్‌ల్యాప్ 250లోంచి రెండు నూటపన్నెండ్లు తీస్తే 26. సెపరేషన్ 106 అయితే కొన 102 దగ్గరికి వస్తుంది, మూత 47 దగ్గర పడుతుంది, ఓవర్‌ల్యాప్ 38కి పెరుగుతుంది.

తక్కువ సెపరేషన్ కావాలనేవాళ్లకు టార్క్ కనబడడానికి కారణం ఆరు డిగ్రీల ముందస్తు మూత. ఎక్కువ కావాలనేవాళ్లు చూస్తున్నది ఓవర్‌ల్యాప్‌ను. అది పెరిగితే ఐడిలింగ్‌లో కాలిన పొగ ఇన్‌టేక్‌లోకి ఎగదన్నుతుంది, బండి వణుకుతుంది, మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పడిపోతుంది. ఆ వాక్యూమ్‌తో బ్రేక్ బూస్టర్ నడిచే పెట్రోల్ బండి అయితే బ్రేకు గట్టిపడుతుంది. ఘాట్ దిగే బండికి ఇది చిన్న విషయం కాదు. డ్యూరేషన్ 250 దగ్గర ఉన్నంతవరకు ఓవర్‌ల్యాప్ ఎలాగూ తక్కువే కాబట్టి 108, 110 సెపరేషన్‌తో రెండు వర్గాల లాభమూ దక్కుతుంది. డ్యూరేషన్ 280 దాటాక సెపరేషన్ తగ్గిస్తే మాత్రం ఐడిలింగ్ చేతికి చిక్కదు.

సెపరేషన్ మార్చకుండానే మొత్తం క్యామ్‌ను నాలుగు డిగ్రీలు ముందుకు జరిపి టైమింగ్ గేరు బిగించడం ఇంకో దారి. ఇన్‌టేక్ ఆ మేరకు ముందే మూసుకుంటుంది. అదే చోట నష్టం కూడా ఉంది: ఎగ్జాస్ట్ వాల్వు కూడా నాలుగు డిగ్రీలు ముందే తెరుచుకుని, ఇంకా పిస్టన్‌ను తోస్తున్న వాయువును బయటికి వదిలేస్తుంది. పిస్టన్ పైకొచ్చిన వేళ ఇన్‌టేక్ వాల్వుకూ దానికీ మధ్య సందు కూడా తగ్గుతుంది.

దీనికి తలకిందుల పని సాగిన టైమింగ్ చైన్ (క్రాంక్ నుంచి క్యామ్‌ను తిప్పే గొలుసు) చేస్తుంది. చైన్ వదులై క్యామ్ ఐదు డిగ్రీలు వెనకబడితే, మన ఉదాహరణలో మూత 50 నుంచి 55కి జరిగి, మిగిలే స్ట్రోక్ 86.8 నుంచి 84 మిల్లీమీటర్లకు పడిపోతుంది. మూడు శాతం గాలి పోయినట్టే. చిత్తూరు సుమారు 300 మీటర్ల ఎత్తులో ఉంటే పలమనేరు 700కు దగ్గర, అంత ఎత్తు ఎక్కినందుకు గాలి సాంద్రత నాలుగు శాతం దాకా తగ్గుతుంది. పాత చైన్ ఒక్కటీ దాదాపు ఇంకో మొగిలి ఘాట్‌ను బండి నెత్తిన పెడుతోంది.

డీజిల్ లారీ దగ్గర లెక్క మారిపోతుంది

ఇప్పుడు మామిడికాయల లారీ దగ్గరికి వద్దాం. 1954లో టాటా, డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టింది, ఆ ఒప్పందం 1969లో ముగిసింది. దశాబ్దాలపాటు మన రోడ్లను ఏలిన టాటా 697 ఇంజన్ ఆ వంశానిదే. ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోర్, 128 మిల్లీమీటర్ల స్ట్రోక్, మొత్తం 5.67 లీటర్లు. క్యామ్‌షాఫ్ట్ బ్లాకులో ఉంటుంది, చైన్ లేదు, గేర్లే తిప్పుతాయి.

డీజిల్‌కు పెట్రోల్ ఇంజన్‌లా గాలిని అడ్డుకునే థ్రాటిల్ లేదు. గాలి ఎప్పుడూ నిండుగానే వస్తుంది, యాక్సిలరేటర్ తొక్కితే మారేది పంపు పంపించే డీజిల్. ఇంజన్ వేగానికి హద్దు పెట్టే గవర్నరు ఎలాగూ పై ఆర్‌పీఎంకు పోనివ్వదు కాబట్టి తయారీదారు క్యామ్‌ను మొదటి నుంచీ కింది ఆర్‌పీఎం కోసమే చెక్కి ఉంటాడు. టీడీసీ దగ్గర పిస్టన్‌కూ హెడ్డుకూ మధ్య ఉండే సందు మిల్లీమీటరు చుట్టుపక్కలే. ఓవర్‌ల్యాప్ పెంచితే వాల్వు వెళ్లి పిస్టన్‌కు కొట్టుకుంటుంది.

మూత ఆలస్యం చేస్తే ఏమవుతుందో పాత లెక్కలోనే 17:1 కంప్రెషన్ పెట్టి చూడవచ్చు. 40 డిగ్రీల మూతతో డైనమిక్ కంప్రెషన్ 15.6, 60తో 14, 70తో 13 కన్నా కాస్త తక్కువ. డీజిల్ మండేది కంప్రెషన్ వేడికే. 13కు పడిపోతే పుల్లింగ్ సంగతి పక్కన పెట్టండి, డిసెంబరులో పలమనేరులో పొద్దున్నే సెల్ఫ్ కొడితే తెల్లపొగ తప్ప స్టార్ట్ కాదు. ఈ ఇంజన్లకు మన బజారులో రకరకాల క్యామ్‌లు దొరక్కపోవడానికి కారణం వ్యాపారులకు తెలియక కాదు. ఎంచుకోవడానికి అందులో చోటే లేదు.

"అయితే పంపు పెంచితే సరి" అనేవాళ్లున్నారు. గాలి మిగిలి ఉన్నంతవరకు అది నిజం. కింది ఆర్‌పీఎంలో మిగిలే గాలి తక్కువ. అది దాటి డీజిల్ పోస్తే వచ్చేది నల్లపొగ, ఎగ్జాస్ట్ వేడి, పొగలో పోయే డబ్బు. గాలినే పెంచే టర్బో వల్ల టార్క్ నిజంగా పెరుగుతుంది. అయితే టర్బో లేని ఇంజన్‌కు విడిగా టర్బో బిగిస్తే పిస్టన్లు, ఆయిల్ కూలింగ్ అన్నీ దానికి తగ్గట్టు ఉండాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. ఒరిజినల్ రకం క్యామ్ తెచ్చి అరిగిన దాని స్థానంలో వేస్తే ఆ చిక్కు లేదు.

మరి క్యామ్ మార్చాక పుల్లింగ్ వచ్చిందన్నవాళ్ల మాటో?

వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కొత్త క్యామ్ గొప్పది కావడం వల్ల వచ్చిన లాభం కాదది, పాతది అరిగిపోయి ఉండడం వల్ల.

పాత ఇంజన్ వాల్వు కవరు తీసి, పుష్‌రాడ్ మీద డయల్ గేజ్ పెట్టి క్రాంక్ చేత్తో తిప్పితే ఒక్కో లోబ్ ఎంత లేపుతోందో కనబడుతుంది. ఒరిజినల్ ఎత్తు 7 మిల్లీమీటర్లు అనుకుందాం. పదకొండు లోబ్‌లు 6.9, 6.95 చూపిస్తూ ఒక్కటి 6.1 చూపిస్తే, 1.5 రాకర్‌తో ఆ వాల్వు 10.5 లేవాల్సింది 9.15 దగ్గరే ఆగుతోంది. ఆ సిలిండరుకు గాలి తక్కువ, మిగతా ఐదింటికీ సరిపడా. కంప్రెషన్ గేజ్ ఈ లోపాన్ని చాలాసార్లు పట్టించదు, రింగులు బాగున్నాయి గదా అని మెకానిక్ ఇంకెక్కడో వెతుకుతాడు.

గేజ్ లేకుండానే కనబడే గుర్తు ఒకటుంది. ఫ్లాట్ ట్యాపెట్ అడుగు చూడ్డానికి చదునుగా ఉన్నా నిజానికి కంటికి ఆనని ఉబ్బు ఉంటుంది, లోబ్‌కు కూడా కొంచెం వాలు ఉంటుంది. ఆ రెండూ కలిసి ట్యాపెట్‌ను పని చేస్తున్నంతసేపూ నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతాయి, అరుగుదల ఒకేచోట పడకుండా. కవరు తీసి ఇంజన్‌ను ఐడిలింగ్‌లో ఉంచితే పుష్‌రాడ్‌లు పైకీ కిందికీ ఆడుతూనే మెల్లగా తిరుగుతుండడం కనబడుతుంది. వాటిలో ఒకటి తిరగకుండా ఉంటే దాని కింద ట్యాపెట్ అడుగు గుంట పడినట్టే అనుకోవచ్చు.

ట్యాపెట్ గ్యాప్ (రాకర్‌కూ వాల్వుకూ మధ్య వదిలే సందు) సంగతి కూడా ఇక్కడే వస్తుంది. గ్యాప్ ఎక్కువైతే వాల్వు ఆలస్యంగా తెరుచుకుని ముందే మూసుకుంటుంది, అంటే డ్యూరేషన్ తగ్గినట్టే. దీన్ని కనిపెట్టి, కింది పుల్లింగ్ కోసం ఇన్‌టేక్ గ్యాప్ కావాలనే కొంచెం ఎక్కువ పెట్టే పాత మేస్త్రీలు ఉన్నారు. వాళ్ల తర్కం మన మిల్లీమీటర్ల లెక్కతో సరిపోతుంది. కానీ లోబ్‌కు ఉన్న మెత్తని ఎత్తుబడి దాటిపోయాక ట్యాపెట్ దెబ్బలా తగులుతుంది, అరుగుదల తొందరవుతుంది. గ్యాప్ మరీ తక్కువైతే అంతకన్నా ప్రమాదం, వేడెక్కాక వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోక కాలిపోతుంది.

విడిభాగం దొరకని ఇంజన్లకు అరిగిన క్యామ్‌ను తిరిగి గ్రైండింగ్ చేయిస్తారు. లోబ్ కొన అరిగింది కాబట్టి దాని కింది గుండ్రటి భాగాన్ని చిన్నది చేసి ఎత్తును తిరిగి రాబట్టడం ఇందులో కిటుకు. డ్యూరేషన్ ఎంచుకునే అవకాశం మన దగ్గర నిజంగా ఉన్నది ఈ ఒక్కచోటే. పెట్రోల్ ఇంజన్ అయితే మూత 50 దగ్గరకో ఇంకా ముందుకో వచ్చేలా చెక్కించుకోవచ్చు. గుండ్రటి భాగం చిన్నదైనందుకు పుష్‌రాడ్ పొడుగు సరిచూడాలి. గట్టిపరిచిన పై పొర గ్రైండింగ్‌లో పోతే మళ్లీ గట్టిపరచాలి, లేకుంటే లోబ్ ఒక్క సీజన్ కూడా నిలవదు.

క్యామ్ కొత్తదైనా, గ్రైండింగ్ చేసినదైనా, దానికి పాత ట్యాపెట్‌లు కలపరు. గుంట పడిన ట్యాపెట్ కొత్త లోబ్‌ను కొన్ని గంటల్లోనే కొరికేస్తుంది. మొదటిసారి స్టార్ట్ చేశాక ఇంజన్‌ను ఐడిలింగ్‌లో వదలకుండా 2,000 ఆర్‌పీఎం చుట్టుపక్కల ఓ ఇరవై నిమిషాలు నడపడం ఫ్లాట్ ట్యాపెట్ ఇంజన్లకు ఉన్న పాత పద్ధతి, ఎందుకంటే లోబ్‌లకు ఆయిల్ అందేది ఎక్కువగా క్రాంక్ చిమ్మే తుంపరల వల్లనే. ఆ ఆయిల్‌లో జింక్, ఫాస్ఫరస్ ఉన్న పదార్థం లోబ్‌కూ ట్యాపెట్‌కూ మధ్య పొరలా నిలుస్తుంది. ఇప్పటి కార్ల పెట్రోల్ ఆయిళ్లలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవకుండా దాన్ని తగ్గించారు. లారీ డీజిల్ ఆయిళ్లలో ఎక్కువే ఉంటుంది కాబట్టి పాత జీపులకు చాలామంది అదే పోస్తారు.